టిక్కెట్లు అమ్మేవారికి ఏదీ ధీమా?

ఏజెన్సీ నిర్వాహకులు తెలుసుకోవాల్సిన బీమా సంగతులు

జగిత్యాల: గల్ఫ్ విమాన టిక్కెట్టు మొదలుకొని ముంబయి బస్సు సీటు, కాశీ యాత్ర వరకు జిల్లాలోని పట్టణాల్లో ప్రయాణికులకు ట్రావెల్ ఏజెన్సీలే ఆధారం. ప్రయాణికుడికి బీమా తీసుకోమని సలహా ఇచ్చే నిర్వాహకులు, సొంత దుకాణం విషయానికి వచ్చేసరికి అగ్నిప్రమాద పాలసీ ఒకటి తీసుకుని ఊరుకోవడం పరిపాటి. నిజానికి ఈ వ్యాపారంలో తగలబడే సరుకు స్వల్పం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నాలుగు కుర్చీలే ఆస్తి. పేరులో ఒక అక్షరం తప్పు పడినా, తేదీ తారుమారైనా, గుమస్తా డబ్బుతో ఉడాయించినా వచ్చే నష్టమే ఎక్కువ.

ఒక్క అంకె తారుమారైతే

సెలవుపై స్వగ్రామానికి వచ్చిన కార్మికుడు సౌదీకి తిరిగి వెళ్లాలనుకుందాం. రీఎంట్రీ వీసా గడువు 15వ తేదీతో ముగుస్తుంది. 12వ తేదీకి అడిగిన టిక్కెట్టును ఏజెన్సీలో 21వ తేదీకి బుక్ చేశారు. ప్రయాణికుడు చదువు రానివాడు కావడంతో ఎవరూ గమనించలేదు. గడువు దాటాక ఉద్యోగమే ప్రమాదంలో పడుతుంది. అప్పుడు అతను అడిగేది టిక్కెట్టు ధర కాదు, పోయిన జీతం.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. హైదరాబాదులో దుకాణం ఉన్న ఏజెంటు కూడా జగిత్యాల వచ్చి సమాధానం చెప్పుకోవాల్సిందే. 'మేం మధ్యవర్తులం మాత్రమే' అన్న వాదన విమానం ఆలస్యమైనప్పుడు పనికి రావచ్చు గానీ, సొంత నిర్లక్ష్యానికి అక్కరకు రాదు.

ఇటువంటి దావాలకు ఉద్దేశించినదే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అనే వృత్తి బాధ్యతా బీమా. పాలసీ పరిమితికి లోబడి పరిహారంతో పాటు న్యాయవాది ఖర్చులనూ బీమా సంస్థ భరిస్తుంది. నిర్ణీత తొలి మొత్తాన్ని మాత్రం ఏజెన్సీ తన జేబులోంచే పెట్టుకోవాలి.

ఈ పాలసీలో చాలామంది పొరబడే అంశం ఒకటుంది. సాధారణంగా పొరపాటు జరిగిన ఏడాది పాలసీ కాదు, దావా వచ్చిన ఏడాది పాలసీయే చెల్లిస్తుంది. 2023లో చేసిన బుకింగుపై 2025లో నోటీసు అందితే 2025 పాలసీ అమల్లో ఉండాలి, దానిలో రాసిన వెనుకటి తేదీ 2023 బుకింగు కంటే ముందుదై ఉండాలి. ఒక్క ఏడాది ప్రీమియం ఎగ్గొట్టి మళ్లీ కొత్తగా తీసుకుంటే ఆ వెనుకటి తేదీ ముందుకు జరిగిపోయే ప్రమాదం ఉంది. అంతవరకు కట్టిన ప్రీమియం అక్కరకు రాకుండా పోతుంది. పాలసీ అమ్మే ఏజెంట్లు ఈ మాట చెప్పడం అరుదు. పత్రం ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది గనుక తెలిసినవారితో చదివించుకోవడం మేలు.

ఉద్దేశపూర్వక మోసానికి, ప్రభుత్వం వేసే జరిమానాలకు ఈ బీమా వర్తించదు. అనుమతి లేకుండా రైలు టిక్కెట్ల వ్యాపారం చేస్తే రైల్వే చట్టం-1989లోని 143వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. టిక్కెట్టుతో పాటు విదేశీ ఉద్యోగమూ ఇప్పిస్తామంటూ రిజిస్ట్రేషన్ లేకుండా డబ్బు వసూలు చేసేవారినీ ఏ పాలసీ కాపాడదు.

యాత్రలు నడిపితే బాధ్యత వేరు

టిక్కెట్టు అమ్మడం ఒకటి, బస్సు మాట్లాడి భోజనం, బస ఏర్పాటు చేసి యాత్రకు తీసుకెళ్లడం మరొకటి. ప్రతిపాదన పత్రంలో 'టిక్కెట్ల బుకింగు' అని మాత్రమే రాసి చార్‌ధామ్ యాత్రలు నడిపితే, దావా సమయంలో బీమా సంస్థ చేతులెత్తేసే వీలుంది. యాత్రలు నడిపేవారు ఆ సంగతి రాసి, యాత్రికులకు జరిగే హానికి వర్తించే పబ్లిక్ లయబిలిటీ పాలసీ గురించీ అడగాలి.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు దగ్ధమై 45 మంది సజీవ దహనమయ్యారు. ఇలాంటి ప్రమాదాల్లో మృతుల కుటుంబాలకు పరిహారం ప్రధానంగా బస్సుకున్న మోటారు బీమా నుంచే రావాలి. కాబట్టి అద్దెకు తీసుకునే ప్రతి వాహనం బీమా, పర్మిట్, ఫిట్‌నెస్ పత్రాల నకళ్లు ఏజెన్సీ వద్ద ఉండాలి. సొంత వాడకానికి బీమా చేసిన కారును యాత్రలకు తిప్పితే బీమా సంస్థ అభ్యంతరం చెబుతుంది. బస్సు టిక్కెట్లు అమ్మే ఏజెంటుకు మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ కింద లైసెన్సు తప్పనిసరి.

గల్లా పెట్టె, గుమస్తా

ఉద్యోగి చేసే మోసానికి ఫిడెలిటీ గ్యారంటీ, బ్యాంకుకు తీసుకెళ్లే నగదుకు మనీ ఇన్సూరెన్సు ఉన్నాయి. దొంగతనం పాలసీతో జాగ్రత్త. తాళం పగలగొట్టడం వంటి బలప్రయోగం ఉండాలని పాలసీ షరతు పెడితే, అది లేని చోరీకి పరిహారం రాదని 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోర్టల్ వ్యాలెట్‌లోని సొమ్మును ఆన్‌లైన్‌లో కాజేస్తే మామూలు దొంగతనం పాలసీ సరిపోదు. సైబర్ బీమా విడిగా తీసుకోవాలి. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు నిలిచిపోయాయి. విమాన సంస్థ దివాలా నష్టాన్ని వృత్తి బాధ్యతా బీమా సాధారణంగా భరించదు. ఐఏటీఏ గుర్తింపు పొందిన ఏజెంట్లు కట్టే డిఫాల్ట్ బీమా రక్షించేది విమాన సంస్థలను, ఏజెంటును కాదు. బీమా సంస్థ చెల్లించిన సొమ్మును తిరిగి ఏజెంటు నుంచే వసూలు చేస్తుంది.

దుకాణం, సామగ్రి విషయానికొస్తే రూ.5 కోట్ల లోపు ఆస్తులకు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష' పాలసీ ఉంది. అగ్నిప్రమాదంతో పాటు వరద, తుపాను, భూకంప నష్టాలు దీని పరిధిలోకి వస్తాయి.

దావా తిరస్కరిస్తే మొదట బీమా సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఒక్కరి యాజమాన్యంలోని దుకాణాలకు, సూక్ష్మ సంస్థలకు ఈ అవకాశం ఉంది. ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాదితో పని లేదు. వ్యాపార సంస్థ తీసుకున్న బీమాపైనా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2023లో తీర్పునిచ్చింది.