వైద్యుడును రోగియు: విలియము బోమాంటు చరిత్రము

మహాపురుషుల చరిత్రములు చదువుట యువకులకు శ్రేయస్కరమని పెద్దలు చెప్పుచుందురు. కాని యొక మహాపురుషుని కీర్తి వెనుక నెవరి శ్రమ, యెవరి బాధ దాగియున్నదో విచారించువారు తక్కువ. అమెరికా దేశమున పటాలపు శస్త్రవైద్యుడుగను, మారుమూల ప్రదేశముల వైద్యుడుగను జీవించిన విలియము బోమాంటు చరిత్రము ఈ రెండు దృష్టులతోడను చదువదగినది. సజీవుడైన మనుష్యుని కడుపులో నన్న మెట్లు జీర్ణమగునో యేండ్ల తరబడి కన్నులార పరిశీలించి లోకమునకు దెలిపినవా డీతడు. ఆ పరిశీలనమునకు ద్వారమైనది యొక నిరుపేద కూలివాని దేహమున మానని గాయము.

బోమాంటు 1785వ సంవత్సరము నవంబరు 21వ తేదీని కనెక్టికటు రాష్ట్రమందలి లెబనాను గ్రామమున నొక వ్యవసాయకుని యింట జన్మించెను. ఇరువదియొకటవ యేటనే యిల్లు విడిచి యుత్తరముగా బయలుదేరెను. అప్పుడతని సొత్తు మంచుపై జారు బండి యొకటి, దానిని లాగు గుఱ్ఱ మొకటి, ఆపిలు రసపు పీపా యొకటి, నూరు డాలర్లు మాత్రమేయని చెప్పుదురు. న్యూయార్కు రాష్ట్రపు సరిహద్దుననున్న షాంప్లేను గ్రామమున బడిపంతులుగా కుదిరి, తీరిక వేళల వైద్యగ్రంథములు చదువుచు కాలము గడపెను. వైద్యకళాశాలలో చేరుటకు వలయు ధన మతనికి లేదు. ఆ కాలమున నట్టివారికి గల మార్గము గురుశుశ్రూష యొక్కటియే. 1810లో నతడు వెర్మాంటు రాష్ట్రమందలి సెయింటు ఆల్బన్సు పట్టణమున బెంజమిను చాండ్లరను వైద్యునికడ శిష్యుడుగా చేరెను. గురువుతోకూడ రోగుల యిండ్లకు పోవుట, మందులు నూఱుట, గాయములు కట్టుట, కన్నదానినెల్ల దినచర్యలో వ్రాసికొనుట యతని విద్యాభ్యాసము. ఈ వ్రాసికొను నలవాటే తరువాత నతనికి కీర్తి తెచ్చినది. 1812లో వెర్మాంటు వైద్యసంఘమువారు పరీక్షించి యతనికి వైద్యము చేయు ననుజ్ఞ నిచ్చిరి.

ఆ సంవత్సరమే యమెరికాకును ఇంగ్లండునకును యుద్ధము సంభవించెను. బోమాంటు శస్త్రవైద్యుని సహాయకుడుగా పటాలమున చేరెను. 1813 ఏప్రిలు 27వ తేదీని అమెరికా సేన, నేడు టొరాంటో యను పేర బరగుచున్న యార్కు పట్టణమును ముట్టడించెను. వెనుదిరుగుచున్న యాంగ్లసేనవారు మందుగుండు కొట్టునకు నిప్పుపెట్టగా నది ప్రేలి, సేనాని జెబులను పైకు మొదలుగా ననేకులు హతులైరి. అంతకంటె నెక్కువమంది యంగహీనులైరి. మత్తుమందు కనుగొనబడని కాలమది. బోమాంటు నిద్రాహారములు మాని రెండు దినములు చేతులు, కాళ్లు ఖండించుచు, పుఱ్ఱెలకు చిల్లులు పొడిచి యెముక ముక్కలు తీయుచు, ప్రాణములు నిలుప యత్నించెను. శస్త్రవైద్యమున నత డుత్తీర్ణుడైన నిజమైన పరీక్ష యిదియే.

యుద్ధానంతరమున 1815లో కొలువు మాని ప్లాట్సుబర్గు పట్టణమున కొన్ని యేండ్లు స్వంతముగా వైద్యము చేసెను. పిమ్మట పటాలపు వైద్యశాఖకు ముఖ్యాధికారి యైన జోసెఫు లోవెలు ప్రోత్సాహముచే మరల కొలువున చేరి, 1820లో మాకినా ద్వీపమందలి కోటకు పంపబడెను. హ్యూరను, మిషిగను అను మహాసరస్సుల సంగమముననున్న చిన్న ద్వీపమది. శీతకాలమున నీరు గడ్డకట్టి రాకపోకలు నిలిచిపోవును. వేసవి వచ్చినంతనే యడవులలో వేటాడినవారును, పడవలు నడుపు ఫ్రెంచి కూలివారును, ఆదిమజాతులవారును తోళ్ల వర్తకమునకై గుంపులుగా నచ్చటికి చేరుదురు. ఆ జనమునకంతకు వైద్యుడు బోమాంటు ఒక్కడే.

1822 జూను 6వ తేదీని ఉదయమున తోళ్ల కంపెనీవారి యంగడిలో నొకని చేతి తుపాకి పొరపాటున ప్రేలెను. ఒక గజము దూరమైన లేనిచోట నిలిచియున్న అలెక్సిసు సెంటుమార్టినను కెనడా దేశపు ఫ్రెంచి కూలివాని యెడమ ప్రక్కకు గుండ్లు తగిలెను. అరచేయి యంత గాయమై, ప్రక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి కొంతయు, కడుపు కొంతయు బయటికి వచ్చెను. తిన్న యన్నము గాయమునుండి వెలికి వచ్చుచుండెను. బోమాంటు పరుగున వచ్చి గాయము శుభ్రపరచి కట్టుకట్టెను గాని, రోగి బ్రదుకునని యతనికే నమ్మకము లేకుండెను. అయినను దినదినమును కట్లు మార్చుచు, విరిగిన యెముక ముక్కలు తీయుచు, నోట నిచ్చినది నిలువని దినములలో గుదమార్గమున పోషకద్రవము లెక్కించుచు నతనిని కాపాడెను.

సుమారు పది నెలలు గడచునప్పటికి ఆ ప్రాంతపు అధికారులకు దాన మిచ్చి విసుగు కలిగెను. ఇక ధర్మనిధినుండి యేమియు నీయజాలమనియు, రోగిని పడవ నెక్కించి స్వదేశమునకు పంపివేయుదుమనియు వారు నిశ్చయించిరి. మానని గాయముతో వందలమైళ్లు తెరచిన పడవపై ప్రయాణము చేసినవాడు ప్రాణములతో నిల్లు చేరునా? బోమాంటు అల్పవేతనుడు, క్రొత్తగా సంసారభారము వహించినవాడు. అయినను 1823లో నా రోగిని తన యింటికి గొనివచ్చి కూడు, గుడ్డ, మందు తానే యిచ్చెను. అప్పటికి శాస్త్రపరిశోధనమను సంకల్ప మతనికి కలిగినట్లు కనబడదు. ఈ కార్యమున నతడు వైద్యుడు మాత్రమే కాదు, ఉత్తమ గృహస్థుడు.

కాలక్రమమున సెంటుమార్టినుకు బలము వచ్చి కట్టెలు కొట్టుటకును శక్తుడయ్యెను గాని, గాయపు రంధ్రము మాత్రము పూడలేదు. కడుపు లోపలి పొర మడతపడి యా రంధ్రమునకు మూతవలె నేర్పడెను. వ్రేలితో నొత్తిన నది లోపలికి పోయి కడుపు లోపల కనబడును. ఈ వింతయే బోమాంటు మనస్సున శాస్త్రజిజ్ఞాసను రేకెత్తించెను. అన్నము కడుపులో కుళ్లుననియు, నూరబడుననియు, వేడిమిచే నుడుకుననియు పండితులు పలువిధముల వాదించుచున్న కాలమది. పదునెనిమిదవ శతాబ్దిలోనే ఇటలీ దేశపు స్పలంజాని జఠరరసమునకు ద్రావకశక్తి కలదని చూపియుండెను గాని వివాదము తీరలేదు.

1825 ఆగస్టు 1వ తేదీని మధ్యాహ్నము బోమాంటు పట్టుదారమునకు మాంసపు తునకలు, రొట్టె, పచ్చి క్యాబేజి కట్టి యా రంధ్రమున లోనికి దింపెను. గంట కొకసారి వెలికి తీసి చూచి యేది యెంత కరగినదో వ్రాసికొనెను. పిమ్మట జఠరరసమును గొట్టముతో వెలికి తీసి, చిన్న సీసాలో మాంసపు తునకతో కలిపి, దేహపు వేడిమియందే యుంచి చూడగా, కొంత యాలస్యముగనైనను ఆ మాంసము సీసాలోనే కరగిపోయెను. కావున జీర్ణము రసాయనక్రియ యని స్పష్టమయ్యెను.

ఆ సంవత్సరమే సెంటుమార్టిను చెప్పకుండ కెనడాకు వెడలిపోయెను. అచ్చట వివాహమాడి, బిడ్డలను కని, పడవపని చేసికొనుచుండెను. బోమాంటు తోళ్ల కంపెనీవారి మూలముగా వెదకించి, దారిఖర్చు లిచ్చి, 1829లో నతనిని కుటుంబసహితముగా మిసిసిపీ నదీతీరమందలి క్రాఫర్డు కోటకు రప్పించి 1831 వరకు పరీక్షలు సాగించెను. ఆ వెనుక మరల స్వదేశమునకు పోయిన యతనితో 1832లో వ్రాతమూలకమైన యొడంబడిక చేసికొనెను. భోజనవసతులు గాక సంవత్సరమునకు 150 డాలర్లు జీతము. అందులకు ప్రతిగా సెంటుమార్టిను తన కడుపును పరీక్షలకు లోబరుపవలెను. చదువురాని యా కూలివాడు పత్రముపై గుర్తు మాత్రము వేసెను.

ఈ శ్రమకెల్ల ఫలముగా 1833లో ప్లాట్సుబర్గున జఠరరసమును, జీర్ణక్రియను గూర్చిన గ్రంథము వెలువడెను. అందు రెండువందలకు పైబడిన పరీక్షలును, 51 సిద్ధాంతములును కలవు. కడుపు ఖాళీగా నున్నప్పుడు జఠరరసము నిలువయుండదనియు, ఆహారము చేరినప్పుడే యూరుననియు, కోపమును భయమును కలిగినచో జీర్ణము చెడుననియు, మద్యపానముచే కడుపు లోపలి పొర వాచి యెఱ్ఱబారుననియు, పైకి జబ్బు కనబడకున్నను లోపల నీ వికార ముండవచ్చుననియు నతడు కన్నుల జూచి వ్రాసెను. పదార్థములు జీర్ణమగు కాలమునకు పట్టిక వేసి, ఉడికిన బియ్యమునకు ఒక గంటయు, కాల్చిన పందిమాంసమునకు ఐదుంబావు గంటలును పట్టునని చూపెను. రసము నాచార్య డంగ్లిసను మొదలగువారు పరీక్షించి యందు హైడ్రోక్లోరికు ఆమ్లము కలదనిరి. ఆమ్లము గాక వేరొక పదార్థము కూడ నుండవలెనని బోమాంటు ఊహించెను. 1836లో జర్మనీ దేశపు ష్వాను పెప్సినును కనుగొనగా నా యూహ నిజమయ్యెను. గ్రంథము మఱుసటి యేడే జర్మను భాషలోనికి పరివర్తనమయ్యెను. తరువాతి శాస్త్రజ్ఞులు కుక్కలకు కృత్రిమముగా నట్టి రంధ్రము లేర్పరచి పరిశోధనలు సాగించిరి. జీర్ణక్రియాపరిశోధనములకై రష్యా దేశపు పావ్లోవు 1904లో నోబెలు బహుమానము నందెను.

ఇంతవరకు వైద్యుని పుటలు చదివితిమి. ఇక రోగి పుటను త్రిప్పవలెను. పరీక్షాసమయములందు సెంటుమార్టిను ఉపవాసముండి గంటలతరబడి పరుండవలెను. సీసాలు చల్లారకుండ చంకలో నిడుకొనవలెను. రసము తీయునప్పుడు కడుపులో నొప్పియు, తలతిరుగుటయు కలుగుచుండెను. అతడు విసిగి కోపించినచో నా కోపము జీర్ణశక్తి నెట్లు మార్చినదో యదియును గ్రంథమున కెక్కెను! అతడు విడిచిపోయినప్పుడు బోమాంటు కృతఘ్నుడని నిష్ఠూరమాడెను. ప్రాణదాత నోట నా మాట వచ్చుట వింతకాదు. కాని ప్రాణము నిలిపిన యుపకారమునకు ప్రత్యుపకారముగా మనుష్యుడు తన దేహమును జీవితాంతము పరుల పరీక్షకు తాకట్టు పెట్టవలెనా? భార్యాబిడ్డలతో స్వదేశమున బ్రదుకగోరుట నేరమా? ఆనాటి లోకమున కీ ప్రశ్న తోచలేదు. రోగి మనఃపూర్వకమైన సమ్మతి లేక యతని దేహముపై ప్రయోగము చేయరాదను ధర్మము చిరకాలమునకు, ఇరువదవ శతాబ్దిలో, వైద్యలోకమున స్థిరపడినది.

1834 తరువాత సెంటుమార్టిను మరల బోమాంటు కడకు రాలేదు. ఎన్ని యుత్తరములు వ్రాసినను, ఎంత ధన మిత్తునన్నను ఫలింపలేదు. బోమాంటు సెయింటు లూయీ నగరమునకు మార్పబడి, పైయధికారులతోడి తగవువలన పటాలపు కొలువు విడిచి, అచ్చటనే ప్రజలకు వైద్యము చేయుచుండెను. 1853లో నొక రోగిని చూచి మరలివచ్చుచు మంచు గట్టిన మెట్లపై జారిపడి, ఆ దెబ్బనుండి కోలుకొనక ఏప్రిలు 25వ తేదీని స్వర్గస్థుడయ్యెను. రోగి సేవయందే యతని తుది ప్రయాణము ముగిసెను.

ఎన్నడో చచ్చుననుకొన్న సెంటుమార్టిను వైద్యునికంటె ఇరువదియేడేండ్లు అధికముగా జీవించి, కట్టెలు కొట్టి కుటుంబమును పోషించుకొని, 1880 జూనులో క్వెబెకు రాష్ట్రపు పల్లెలో మరణించెను. ఆ కడుపును శాస్త్రార్థము భద్రపరుపవలెనని విలియము ఆస్లరు మొదలగు ప్రసిద్ధవైద్యులు కోరిరి. కుటుంబమువారు సమ్మతింపలేదు. ఎండకాలమున శవము చెడువరకు నింటనే యుంచి, దొంగిలింప వీలుకాకుండ ఎనిమిది యడుగుల లోతున పాతిపెట్టిరి. శాస్త్రమునకు నష్టమే కావచ్చును. కాని బ్రదికినన్నాళ్లు పరుల చూపులకు గురియైన యా దేహమునకు చివర కొక మరుగు కల్పించుకొను హక్కు వారికి లేదనగలమా? 1962లో కెనడా దేశపు శరీరశాస్త్రజ్ఞులు ఆ సమాధికడ శిలాఫలకము నాటించి, లోకమునకు సెంటుమార్టిను చేసిన యుపకారమును స్మరించిరి. ఆలస్యమైనను ఋణము గుర్తింపబడినది.

సంఘీయులారా! ఇట్టి మహాసభలందు మనము దాతలను, విద్వాంసులను, వైద్యులను గౌరవించుట యుచితమే. కళాశాల మెట్లెక్కకున్నను గురుశుశ్రూషచేతను, కలమును కాగితమును విడువని దీక్షచేతను విద్య సాధింపవచ్చునని బోమాంటు జీవితము మన యువకులకు బోధించుచున్నది. ధర్మనిధి చేయి ముడుచుకొన్నచోట నొక్క గృహస్థుడు తలుపు తెరచెననుట మన దాతలు గమనింపదగిన విషయము. సాయము నారంభించుట సులభము. రోగి లేచువరకు, విద్యార్థి చదువు ముగియువరకు దానిని కొనసాగించుటయే కష్టము. అంతకంటె ముఖ్యమైనది యింకొకటి కలదు. సాయము పొందినవాడు మనకు దాసుడు కాడు. ఉపకారము చేసి యతని స్వాతంత్ర్యమును కొనగోరినచో నది వర్తకమగునుగాని ధర్మము కాదు. మన జాబితాలలో దాతల పేర్లతో పాటు, పేరులేక శ్రమించి విద్యకును సేవకును తమ దేహములు ధారపోసినవారికిని చోటు కల్పింతము. బోమాంటు పేరు చెప్పునప్పుడెల్ల సెంటుమార్టిను పేరును చెప్పుదము.