చెస్ట్ ఫిజియోథెరపీ: రాత్రిపూట కూడా ఎందుకు చేయాలి? పేషెంట్ బంధువులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే!

ఆదిభట్ల: ఫిజియోథెరపీ అనగానే మోకాళ్ల నొప్పి, నడుము నొప్పే గుర్తొస్తాయి. కానీ ఊపిరితిత్తుల కోసం చేసే ఫిజియోథెరపీ కూడా ఉంది. ఆస్పత్రి బెడ్‌పై కదలలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఇది చాలా కీలకం. అదీ పగలు ఒక్కసారి చేసి వదిలేస్తే సరిపోకపోవచ్చు.

ఔటర్ రింగ్ రోడ్డు, నాగార్జునసాగర్ హైవేకు దగ్గరలో ఉన్న ఆదిభట్ల, ఇబ్రహీంపట్నం వాసులు దీని గురించి తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే రోడ్డు ప్రమాదాల్లో పక్కటెముకలు విరిగినవాళ్లకు ఈ అవసరం ఎక్కువ. నొప్పికి భయపడి వాళ్లు గట్టిగా ఊపిరి తీసుకోరు, దగ్గరు. దాంతో లోపల తెమడ పేరుకుపోతుంది.

తెమడ పేరుకుపోతే ఏమవుతుంది?

చిన్న గాలి గొట్టాలు మూసుకుపోతాయి. ఊపిరితిత్తిలో ఆ భాగం ముడుచుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది. అక్కడే ఇన్ఫెక్షన్ మొదలైతే న్యుమోనియాగా మారుతుంది. పక్షవాతం, వెన్నెముక గాయం, పొట్ట లేదా గుండె ఆపరేషన్ అయినవాళ్లకు, వెంటిలేటర్‌పై ఉన్నవాళ్లకు కూడా ఈ ముప్పు ఉంటుంది.

రాత్రి ఎందుకు?

తెమడకు పగలూ రాత్రీ తేడా లేదు. పైగా రాత్రి పేషెంట్ గంటల తరబడి ఒకే వైపు పడుకుంటాడు, దగ్గు కూడా తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ ఆస్పత్రుల్లో రాత్రివేళ అవసరమైతే ఫిజియోథెరపిస్ట్‌ను పిలిపించే ఆన్‌కాల్ విధానం ఉంది. మన దగ్గర చాలా చోట్ల ఫిజియో పగటి డ్యూటీకే పరిమితం. రాత్రి సక్షన్, పొజిషన్ మార్చడం లాంటివి నర్సులే చూసుకుంటారు.

24 గంటల సేవ అంటే రాత్రంతా పేషెంట్‌ను లేపి వ్యాయామం చేయించడం కాదు. అవసరమైన క్షణంలో తెలిసిన మనిషి అందుబాటులో ఉండటం.

ఏమేం చేస్తారు?

* పక్కకు తిప్పి పడుకోబెట్టడం. కోవిడ్ సమయంలో బోర్లా పడుకోబెట్టింది కూడా ఆక్సిజన్ పెరగడానికే.
* దీర్ఘ శ్వాస, తెమడ బయటకు తెచ్చేలా దగ్గడం నేర్పించడం.
* ఛాతీపై చేత్తో తట్టడం, వైబ్రేషన్ ఇవ్వడం. ఎముకలు విరిగినా, రక్తస్రావం ఉన్నా ఇది ప్రమాదం. సొంతంగా అస్సలు చేయొద్దు.
* సక్షన్ మెషీన్‌తో తెమడ తీయడం.
* డాక్టర్ ఒప్పుకుంటే వీలైనంత త్వరగా కూర్చోబెట్టడం, నడిపించడం.

బంధువులు ఏం చేయొచ్చు?

* మూడు బంతుల స్పైరోమీటర్‌ను చాలామంది ఊదుతారు. అది తప్పు, గాలిని లోపలికి పీల్చాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు 10 సార్లు చేయమని సాధారణంగా చెబుతారు.
* ఆపరేషన్ అయినవాళ్లు దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది.
* వెంటిలేటర్‌పై ఉన్నవాళ్లకు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. బెడ్‌ను మీరే దించేయకండి.
* ‘రాత్రి ఫిజియో ఉంటారా? లేకపోతే ఎవరు చూస్తారు?’ అని అడ్మిషన్ రోజే అడగండి.

ఈ లక్షణాలుంటే వెంటనే నర్సును పిలవాలి

గొంతులో గురగుర శబ్దం, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మగతగా ఉండటం, ఆక్సిజన్ రీడింగ్ పడిపోవడం. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. అంతకు మించి పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.