అరవై ఒకటో పేరు

కొత్త బడికి బదిలీ అయినప్పుడల్లా నేను మొదటి రోజే అడ్మిషన్ రిజిస్టరు బీరువాలోంచి దింపించేదాన్ని. పిల్లల పేర్ల కోసం కాదు, తండ్రి ఏం పని చేస్తాడన్న గడి కోసం. దుమ్ము దులిపి ఆ ఒక్క వరసే పైనుంచి కిందికి చదివేదాన్ని. పాత పేజీల్లో సేద్యం, కౌలు, గొర్లు. కొంచెం కిందికి వస్తే షక్కర్ కార్ఖాన. ఇంకా కింద, తండ్రి గడి ఖాళీగా ఉన్నచోట తల్లి పని రాసి ఉంటుంది: బీడీలు. ఆఖరి పేజీల్లో దుబాయి, మస్కట్. బోధన్‌ను ఏకచక్రపురం అంటారనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ మా ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. బకాసురుడి సంగతి నాకు తెలియదు గానీ, ఈ నేల మీదికి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో ఆ రిజిస్టరు చూసి చెప్పగలను.

మా బడులు పెరగడానికి మూలం చదువు మీద మోజు కాదు, నీళ్లు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఆ కట్ట వెనుక ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ వచ్చింది, కాలువ వెంట చెరకు వచ్చింది, 1937లో చెరకు కోసం నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువ పక్క భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. ఇప్పటికీ వర్ని, రుద్రూరు వైపు ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని వినిపిస్తే అది ఆ కాలపు మాటే. నాందేడ్, దెగ్లూరు వైపు నుంచి మరాఠీ కుటుంబాలు కూలికి దిగాయి. ఒకే గల్లీలో మూడు భాషల పిల్లలు ఆడుకునేవాళ్లు. బడిలో మాత్రం రెండో మాట లేకుండా ఉర్దూ.

మా నాయిన ఆ బడిలో రెండు జమాతులు చదివాడు. అలిఫ్, బే రాయడం వచ్చు, తెలుగులో సంతకం రాదు. తెలుగు నేర్పే ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టాలంటే సర్కారు ఇజాజత్ (అనుమతి) కావాల్సి ఉండేది. తల్లిభాషలో చదువు కావాలని ఆంధ్ర మహాసభ ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. దాని ఆరో సభ మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది, 1937లో. కార్ఖాన పుట్టిందీ ఆ ఏడే. చక్కెరకు ఇజాజత్ తొందరగా దొరికిందని మా నాయిన వేళాకోళం ఆడేవాడు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక మాధ్యమం మారింది. మారమని కాగితం రాయడం తేలికే. చెప్పేవాళ్లు ఎక్కడున్నారు? ఉర్దూలో చదువుకుని ఉర్దూలో చెప్పిన పంతుళ్లు రాత్రి లాంతరు ముందు తెలుగు వాచకం దిద్దుకుని పొద్దున పిల్లలకు చెప్పిన కథలు మా పెద్దసార్లు చెప్పేవారు. చాలని చోట మద్రాసు రాష్ట్రం వైపు నుంచి టీచర్లు వచ్చారు. వాళ్ల మీదే ముల్కీ గొడవ, అంటే స్థానికులకే ఉద్యోగాలన్న గొడవ, రాజుకుంది. 1952లో వరంగల్‌లో టీచర్ల నియామకాల దగ్గర మొదలైన ఆ అల్లరి హైదరాబాదు చేరి కాల్పుల దాకా పోయింది. తెలంగాణలో ఉద్యోగాల తగాదా వీధికెక్కింది బడి గుమ్మం నుంచేనని చాలామందికి గుర్తు లేదు. మా దగ్గర ఆ తగాదాకు ఇంకో మడత ఉంది. క్యాంపు పిల్లలకు కోస్తా సారు మాట ఇంటి మాట, మాకు పరాయి మాట. నాకు మూడో తరగతి చెప్పిన సారు ‘చొక్కా’ అంటే మేం ‘అంగి’ అనేవాళ్లం, ఆయన కొట్టేవాడు కాదు, నవ్వేవాడు. ఆ నవ్వు కన్నా దెబ్బే నయమనిపించేది. అయితే ఎక్కాలు నాకు వచ్చింది ఆయన చలవే. రెండూ రాయాలి.

1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు తెగి ఇటు వచ్చాయి. మరాఠీ బడులూ వాటితోపాటే వచ్చాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక బడులు సమితి కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తు కిందికి. ఏ ఊరికి ఎందరు పంతుళ్లన్నది ఇకమీద ఆ ఊరి నుంచి నాలుగు కోసుల దూరంలో తేలుతుందన్నమాట. మంచి మాటే. అయితే బదిలీ సమితి ప్రెసిడెంటు చేతిలో ఉండేది కనుక, వేసవి సెలవుల్లో పంతుళ్లు పాఠం కన్నా ప్రెసిడెంటు ఇంటి అరుగును ఎక్కువ ఎరిగి ఉండేవారు. రోడ్డు మీది బడికి ముగ్గురు, కాలువ అవతలి బడికి ఒక్కరు. ఆ ఒక్కరూ వారానికి నాలుగు రోజులు. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాక ఆ అరుగు చిన్నదైంది గానీ పూర్తిగా పోలేదు.

నేను నౌకరీలో చేరింది 1984లో, ‘398 టీచరు’గా. ఎన్.టి. రామారావు ప్రభుత్వం నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను తీసుకుంది. జీతమే మా పేరైపోయింది. ఈ రోజుకీ నన్ను ఎరిగిన పాత టీచర్లు ‘మూడొందల తొంభై ఎనిమిది బ్యాచి’ అనే అంటారు. రెగ్యులర్ స్కేలు వచ్చేదాకా గడిపిన ఏళ్ల గురించి మాలో ఎవర్ని కదిలించినా పొద్దుగూకుతుంది, ఇక్కడ వదిలేస్తాను. మా బడి ఒకే గది, ముందు తాటాకు పందిరి, అయిదు తరగతులు, నేను ఒక్కదాన్ని. ఒకటో తరగతిని అయిదో తరగతి ఆడపిల్లకు అప్పజెప్పేదాన్ని. మూడూ నాలుగూ కలిపి గోడకు ఇటు. రెండో తరగతి పందిరి కింద ఇసుకలో అక్షరాలు దిద్దేది. పదేళ్ల తర్వాత ట్రైనింగులో దీనికి ‘మల్టీగ్రేడ్ టీచింగ్’ అని పేరు పెట్టి మాకే నేర్పించారు.

రెండో టీచరు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పుణ్యాన వచ్చింది. 1987లో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకంలో బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక ట్రంకు పెట్టెడు సామాను. పెట్టెలోని గ్లోబును మా ఊరి సర్పంచి ఒక సాయంత్రం చాలాసేపు తిప్పి, బోధన్ ఎక్కడుందని అడిగాడు. దొరకలేదు. ఇంత ఖర్చు పెట్టి మన ఊరే లేని దాన్ని పంపారా అని కోపగించి పోయాడు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. బడికి టీచర్లు పిల్లల లెక్కను బట్టి వస్తారు. ఆ లెక్క తీసే తేదీ సెప్టెంబరు 30. దేశమంతా బడుల వివరాల ఫారం ఆ రోజు ఉన్న సంఖ్య మీదే నింపేవారు. చెరకు నరకడం మొదలయ్యేది నవంబరులో. దీపావళి దాటగానే నాందేడ్ వైపు నుంచి ఎడ్లబండ్ల మీద, తర్వాత తర్వాత ట్రాక్టర్ల మీద, చెరకు కొట్టే ముఠాలు దిగేవి. పొలం గట్టున చెరకాకుతో గుడిసెలు లేచేవి. కార్ఖాన భోంగ మోగితే వాళ్లకు పొద్దు. ఆలుమగలు ఇద్దరూ చేలో ఉంటే ఏడేళ్ల పిల్ల గుడిసెలో చంటిదాన్ని ఎత్తుకుని కూర్చునేది. ఆ పిల్లల్ని పిలుచుకొచ్చేదాన్ని. ఒక్కో ఏడాది ఇరవై మంది, ఒక్కో ఏడాది ముప్పై అయిదు. నా బడి నవంబరులో రెండింతలయ్యేది, మార్చి చివర గానుగ ఆగగానే మళ్లీ సగమయ్యేది. సెప్టెంబరులో వాళ్లు లేరు కనుక కాగితం మీద ఎప్పటికీ లేరు. వాళ్ల సొంత ఊళ్లో జూన్‌లో పేరు రాయించుకుంటారు, నవంబరు నుంచి గైర్హాజరు. రెండు రాష్ట్రాల లెక్కల నడుమ ఆ పిల్లలు గట్టు మీద ఉండిపోయారు.

వాళ్ల పేర్లు రాయడానికి నేనొక వంద పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాను. అది సర్కారు రికార్డు కాదు, నా డబ్బుతో కొన్నది. పేరు, ముఠా మేస్త్రి పేరు, వచ్చిన తేదీ, పోయిన తేదీ. 2003 నుంచి బడిలో మధ్యాహ్నం వండి పెట్టడం మొదలయ్యాక ఇంకో తిరకాసు వచ్చింది. బియ్యం హాజరు పట్టీని బట్టి. పట్టీలో లేని ముప్పై మంది పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడితే ఏం చెయ్యాలి? రాని పిల్లల వంతు వీళ్లకు పోయేది, ఒక్కోరోజు పులుసు కొంచెం పల్చబడేది. వంటామె సణిగేది, పెట్టేది.

పిల్లలు పెరిగినచోట టీచరు పోస్టు నిండాలంటే డీఎస్సీ, అంటే టీచర్ల నియామక పరీక్ష, పడాలి. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, పడ్డాక కోర్టు కేసులుంటాయి. ఈ సందులో పుట్టినవాళ్లే విద్యా వాలంటీర్లు. 1998లో బడి కమిటీల చట్టం వచ్చింది, తల్లిదండ్రులు ఓటేసి కమిటీని ఎన్నుకున్నారు, ఊళ్లో ఇంటరో డిగ్రీయో చదివిన పిల్లను పది నెలలకు పెట్టుకునే పద్ధతి వచ్చింది. మా కమిటీ సమావేశాలు చాలావరకు గంట దాటేవి కావు. ఒక్కసారి మాత్రం చీకటి పడేదాకా నడిచింది. మరాఠీ కొంచెం వచ్చిన అమ్మాయిని పెట్టుకుందామని నేను, తమ వాడకట్టు అమ్మాయికే ఇవ్వాలని కమిటీలో ఇద్దరు. చివరికి మరాఠీ వచ్చిన అమ్మాయే వచ్చింది. నేను చూసిన టీచర్లలో ఆమెతో సమానంగా నిలబడేవాళ్లు తక్కువ. ప్రతి ఏప్రిల్‌లో ఆమె నౌకరీ పోయేది, జూలైలోనో ఆగస్టులోనో మళ్లీ వచ్చేది. మనిషిని కూడా చెరకు పంటలా సీజన్‌కు పెట్టుకోవచ్చని ఎవరికి తోచిందో గానీ, ఆ ఆలోచన ఇరవై ఏళ్లు బతికింది.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలైంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. వినడానికి చక్కగా ఉంటుంది. జూన్‌లో బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరిగిన టీచరును అడగండి అరవైకీ అరవై ఒకటికీ ఉన్న దూరమెంతో. ఒక ఏడాది మా లెక్క సరిగ్గా అరవై దగ్గర ఆగింది. అరవై ఒకటో పిల్ల కోసం సెప్టెంబరంతా తిరిగాం. బీడీలు చుట్టే ఒక తల్లి దగ్గర కూర్చుని అరగంట బతిమాలాను. “టీచరమ్మా, పెద్దది బడికొస్తే చిన్నదాన్ని ఎవరు చూస్తరు? నువ్వు చూస్తవా?” అంది. చూస్తానన్నాను. ఆ ఏడాది మూడో టీచరుతోపాటు పద్దెనిమిది నెలల పసిదాన్ని కూడా బడి సాకింది. ఆ పసిది నా కుర్చీ కింద పడుకునేది.

ఉర్దూ మాధ్యమం కథ వేరు. బోధన్‌లో ఉర్దూ బడులకు పిల్లలు ఉండేవారు, పోస్టులూ మంజూరై ఉండేవి. అయితే రిజర్వేషన్ వరసలో కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు పోతాయి, ఆ వర్గాల్లో ఉర్దూ మాధ్యమం చదివినవాళ్లు దొరకరు, పోస్టు తర్వాతి నోటిఫికేషన్‌కు వాయిదా పడుతుంది, అప్పుడూ దొరకరు. కాగితం మీద కుర్చీ ఉంటుంది, గదిలో ఖాళీ. రిజర్వేషన్ తప్పు కాదు, ఉర్దూ బడి తప్పూ కాదు. రెండు మంచి నియమాలు కలిసి పిల్లల్ని పంతులు లేకుండా కూర్చోబెట్టడం నేనక్కడ చూశాను.

ఆ తర్వాత లెక్క తిరగబడింది. కార్ఖానలో సగానికి పైగా వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పిల్లలు తగ్గిపోయారు. ఉన్న కొందరిని పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు ఎక్కించుకుపోయేవి, ఇంగ్లీషు మీడియానికి. పాతికేళ్లు టీచర్లు చాలరని ఏడ్చిన చోట టీచర్లు ఎక్కువయ్యారు. వాళ్లను ‘సర్‌ప్లస్’ అన్నారు. ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ మీద పక్క మండలానికి పంపారు. మా భాషలో సర్దుబాటు. ఇంట్లో బియ్యం తక్కువైతే వాడే మాట అది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా రెండుగా చీలి కామారెడ్డి వేరైంది. అయిదేళ్ల తర్వాత 317 జీవోతో టీచర్లను కొత్త జిల్లాలకు పంచినప్పుడు, నాతో పనిచేసిన ఒక జంట చెరో జిల్లాకు పోయింది. అప్పటికి నేను రిటైరై రెండేళ్లు. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాక బస్సు ఎక్కిన పిల్లలు కొందరు తిరిగొచ్చారని, మళ్లీ టీచర్లు చాలడం లేదని ఫోన్లో విన్నాను. 2024 డీఎస్సీలో రాష్ట్రమంతా 11 వేల పైచిలుకు పోస్టులు వేశారు. మా పాత బడికి ఒక అమ్మాయి వచ్చిందట.

ఆ అమ్మాయి పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చింది. పాత సామాను సర్దుతుంటే బీరువా వెనకాల నా నోటుబుక్కు దొరికిందని, ఏ రికార్డులో చేర్చాలో తెలియక తెచ్చిందట. ఇద్దరం కూర్చుని తిరగేశాం. ఏటేటా అవే పేర్లు, అవే మేస్త్రీలు, ఒక్కోసారి అక్క పోయిన ఏడు చెల్లెలు. చివర రాసిన సీజను 2014–15. మార్చి తేదీలన్నీ వరసగా ఉన్నాయి, పోయిన తేదీ గడి నిండా. తర్వాతి నవంబరుకు గీత కొట్టి, గడులు వేసి, పైన సంవత్సరం కూడా రాసిపెట్టుకున్నాను. ఆ గడుల్లో నా చేతిరాతతోనే మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కలున్నాయి.