ఆంక్షల సడలింపు: టీకాలు, ఆస్పత్రి పడకల లెక్క

మహమ్మారి ఆంక్షల సడలింపు అంటే లాక్‌డౌన్, రాత్రి కర్ఫ్యూ, దుకాణాల వేళలు, పెళ్లిళ్లకూ సభలకూ పెట్టిన పరిమితులు వంటివాటిని ప్రభుత్వం దశలవారీగా ఎత్తివేయడం. కోవిడ్-19 టీకాలు 2020 డిసెంబరులో మొదలయ్యాక చాలా దేశాలు ఈ నిర్ణయానికి రెండు అంకెలను ఆధారం చేసుకున్నాయి: ఎంతమందికి టీకా పడింది, ఆస్పత్రుల్లో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయి. ఈ రెండింటినీ విడివిడిగా చదివిన చోట ప్రాణాలు పోయాయి. జనాభా మొత్తానికి సగటున ఎంత శాతం టీకా పడిందన్నది పెద్దగా ఏమీ చెప్పదు. టీకా పడని వృద్ధులు, దీర్ఘకాలిక రోగులు ఎందరు మిగిలారు, వాళ్లంతా ఒకే నెలలో జబ్బుపడితే ఆ ఊరి ఆస్పత్రులు తట్టుకోగలవా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక పట్టణంలో అరవై దాటినవారు 1,000 మంది ఉన్నారని, టీకా వల్ల ఆస్పత్రి పాలయ్యే ముప్పు 95 శాతం తగ్గుతుందని అనుకుందాం. 950 మందికి టీకా పడితే మిగిలిన 50 మందికి ముప్పు పూర్తిగా ఉంటుంది. టీకా పడినవారిలో మిగిలే ముప్పునంతా కలిపితే మరో 48 మందితో సమానం. మొత్తం 98. అదే 800 మందికే పడితే, పూర్తి ముప్పున్నవారు 200, టీకా పడినవారి వాటా 40, మొత్తం 240. కాగితం మీద 95కీ 80కీ తేడా పదిహేనే. ఆస్పత్రి మీద పడే భారం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు. యువకులకు ఎన్ని డోసులు వేసినా ఈ లోటు పూడదు, ఎందుకంటే కోవిడ్‌లో ప్రాణాపాయం వయసుతోపాటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆస్ట్రేలియా 2021లో 16 ఏళ్లు దాటినవారిలో 70, 80 శాతాలను మెట్లుగా పెట్టుకుని తెరుచుకుంది. అక్కడ పెద్దవాళ్లలో అప్పటికే టీకా బాగా పడింది కాబట్టి ఆ అంకెలు నిలబడ్డాయి.

నిలబడని చోటు హాంకాంగ్. రెండేళ్లపాటు సరిహద్దులు బిగించి వైరస్‌ను బయటే ఆపిన ఆ నగరంలో 2022 ఆరంభానికి జనాభాలో 60 శాతానికి పైగా రెండు డోసులు తీసుకున్నారు. కానీ 80 ఏళ్లు దాటినవారిలో ఆ రక్షణ సుమారు నాలుగో వంతు మందికే ఉంది. వృద్ధాశ్రమాల్లో పరిస్థితి మరీ దారుణం. ఒమిక్రాన్ చొరబడ్డాక ఫిబ్రవరిలో ఆస్పత్రుల ముందు ఆరుబయట, చలిలో, మంచాల మీద ముసలివాళ్లు వరుసగా పడి ఉన్న దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. ఆ అలలో 9,000 మందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు అరవై దాటినవారే. ఇంచుమించు అదే సమయంలో అదే ఒమిక్రాన్ న్యూజీలాండ్‌లోనూ ఊరూరా వ్యాపించింది, కానీ అక్కడ వృద్ధుల్లో దాదాపు అందరికీ టీకా పడి ఉండటంతో మరణాలు ఆ స్థాయికి చేరలేదు. హాంకాంగ్‌లో ఆంక్షలు ఎత్తివేయకుండానే ఇంత జరిగిందన్నది గమనించాలి. ఆంక్షలు సమయాన్ని మాత్రమే ఇస్తాయి. ఆ సమయంలో ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్లకు సూది వేయకపోతే, పిల్లల చదువులూ కూలీల రోజువారీ సంపాదనా ధారపోసి కొన్న సమయం వృథా అయినట్లే.

రెండో అంకె పడకలది. ప్రభుత్వ బులెటిన్లలో పడక అంటే ఇనుప మంచమే. రోగికి మాత్రం పడక అంటే ఆక్సిజన్, పక్కన నర్సు, ఆమె డ్యూటీ దిగితే ఇంకో నర్సు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో పడకల కొరత లేదు, రోగులు పడకల మీదే ఉన్నారు. ట్యాంకరు ఆలస్యమై గొట్టాల్లో ఆక్సిజన్ పీడనం పడిపోయింది, అధికారులు అప్పట్లో చెప్పిన లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. పైగా పడకల అంకె ఎప్పుడూ పాతదే. వైరస్ సోకాక లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజులు, ఆయాసం ముదిరి ఆస్పత్రికి చేరడానికి మరో వారం పడుతుంది. అంటే ఈరోజు వార్డులో ఉన్న రోగులు దాదాపు రెండు వారాల కిందటి వ్యాప్తికి గుర్తు. కేసులు వారానికి రెట్టింపవుతున్నప్పుడు 40 శాతం నిండిన వార్డు వారంలో 80 శాతానికి చేరుతుంది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ పాజిటివిటీ (పరీక్షల్లో వైరస్ తేలినవారి శాతం) వారంపాటు 10 శాతం దాటినా, ఆక్సిజన్ లేదా ఐసీయూ పడకలు 60 శాతానికి మించి నిండినా ఆ ప్రాంతంలో గట్టి కట్టడి పెట్టాలని సూచించింది. సూచన సరైనదే. అది వచ్చేసరికి చాలా నగరాలు 60 శాతాన్ని ఎప్పుడో దాటిపోయాయి.

ఈ రెండు అంకెలనూ కలిపి చదివే పద్ధతికి ఇంగ్లండ్ 2021 ఫిబ్రవరి 22న ప్రకటించిన ప్రణాళిక మంచి ఉదాహరణ. ప్రతి మెట్టుకూ నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నారు: టీకాలు అనుకున్నట్లు సాగుతున్నాయా, అవి ఆస్పత్రి చేరికలనూ మరణాలనూ తగ్గిస్తున్నాయా, కేసులు పెరిగితే ఆస్పత్రులు మోయలేని స్థితి వస్తుందా, కొత్త రకం వైరస్ లెక్కను మార్చిందా. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం అయిదు వారాలు ఆగారు. నాలుగు వారాలు ఫలితం చూడటానికి, ఒక వారం జనానికి ముందుగా చెప్పడానికి. జూన్ 21న చివరి మెట్టు ఎక్కాల్సి ఉండగా డెల్టా వచ్చింది. ఒక్క డోసుతో లక్షణాల నుంచి రక్షణ మూడో వంతు మాత్రమేనని, రెండు డోసులు పడితే, ఫైజర్ అయినా మనకు కోవిషీల్డ్‌గా తెలిసిన ఆస్ట్రాజెనెకా అయినా, ఆస్పత్రి పాలవకుండా 90 శాతానికి పైగా కాపాడుతాయని తేలింది. దాంతో నాలుగు వారాలు వాయిదా వేసి, రెండో డోసులను ముందుకు జరిపారు. జూలై 19న తెరిచేనాటికి వయోజనుల్లో దాదాపు మూడింట రెండొంతుల మందికి రెండు డోసులూ పడ్డాయి. ఇది ప్రమాదకరమైన ప్రయోగమని అప్పట్లో ఎందరో శాస్త్రవేత్తలు బహిరంగంగా హెచ్చరించారు. జనవరిలో ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో కోవిడ్ రోగులు 34,000 దాటగా, తెరిచాక ఆ నవంబరు వరకు ఆ సంఖ్య అందులో నాలుగో వంతుకు చేరలేదు. అయినా విమర్శకుల మాట పూర్తిగా తప్పు కాదు. ఇతర చికిత్సల కోసం ఎదురుచూసేవారి జాబితా ఆ ఏడాది 50 లక్షలు దాటింది. కోవిడ్ వార్డు పొంగిపొర్లకపోవడం ఒక్కటే కొలమానమైతే, తుంటి ఆపరేషన్ కోసం నెలల తరబడి నొప్పితో గడిపే మనిషి లెక్కలోకే రాడు.

ఇలా టీకాల లెక్క చూసి సడలించాలన్న వాదనకు మన దగ్గర నుంచే బలమైన అభ్యంతరం ఒకటుంది. తెలంగాణ 2021 మే 12న లాక్‌డౌన్ పెట్టి జూన్ 20న ఒక్కసారిగా పూర్తిగా ఎత్తేసింది. అప్పటికి రెండు డోసులు పడినవారు చాలా తక్కువ. అయినా రెండో అల లాంటిది వెంటనే తిరిగి రాలేదు కదా, మరి టీకా లెక్క ఎందుకని అడగవచ్చు. ఐసీఎంఆర్ జూన్, జూలైలలో జరిపిన సర్వేలో ఆరేళ్లు దాటిన భారతీయుల్లో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అవి చాలావరకు జబ్బు వల్ల వచ్చినవి. కాబట్టి సడలింపు లెక్కలో సోకిపోయినవారినీ చేర్చాలన్నది నిజమే. కానీ ఆ రక్షణకు చెల్లించిన మూల్యం శ్మశానాల ముందు కనిపించింది. కేరళలో అదే సర్వే 44.4 శాతమే చూపింది, అంటే ఎక్కువమందికి వైరస్ ఇంకా తగల్లేదు. జూలై, ఆగస్టుల్లో దేశంలోని కొత్త కేసుల్లో పెద్ద వాటా అక్కడివే అయినప్పుడు ఆ రాష్ట్రం విఫలమైందని చాలామంది అన్నారు. టీకాలు సాగుతుండగా, ఆస్పత్రులు చేతులెత్తేయకుండా, ఆలస్యంగా జబ్బుపడటం వైఫల్యం కాదు. ఆంక్షల వల్ల సాధించదగ్గది అదే. ఆంక్షలే బతుకుల్ని దెబ్బతీశాయన్న వాదనకూ బలముంది. బండి మీద ఇడ్లీలు అమ్ముకునేవారికి సాయంత్రం నాలుగింటికి మూసెయ్యమనడం చిన్న విషయం కాదు. అందుకే ఆంక్ష ఎప్పుడు పోతుందో, ఏ అంకె దాటితే తిరిగి వస్తుందో ముందే వారికి తెలియాలి.

ఆ పని మహారాష్ట్ర కొంతవరకు చేసింది. 2021 జూన్ 7 నుంచి జిల్లాలనూ పెద్ద నగరాలనూ అయిదు స్థాయిలుగా విభజించింది. పాజిటివిటీ 5 శాతం లోపు, నిండిన ఆక్సిజన్ పడకలు 25 శాతం లోపు ఉంటే మొదటి స్థాయి, దాదాపు అన్నీ తెరవవచ్చు. పాజిటివిటీ 20 శాతం దాటినా, పడకలు 75 శాతానికి మించి నిండినా అయిదోది. వారం వారం అంకెలు చూసి స్థాయి మార్చేవారు. అందులో రెండు లోపాలున్నాయి. సూత్రంలో టీకా ఊసే లేదు. మూడు వారాలు తిరక్కుండానే డెల్టా ప్లస్ అనే కొత్త రకం భయంతో, అంకెలు ఎలా ఉన్నా ఏ జిల్లాలోనూ మూడో స్థాయి కంటే ఎక్కువ సడలించరాదని ప్రభుత్వం ఆదేశించింది. జనం నమ్మిన నియమాన్ని అలా పక్కన పెడితే తర్వాతి నియమానికి విలువ తగ్గుతుంది. ఆగస్టు 15 నుంచి రెండు డోసులు పడినవారికి ముంబై లోకల్ రైళ్లు తెరిచారు, డోసులు దొరక్క క్యూలలో నిలబడ్డ కూలీలు మాత్రం బయటే మిగిలారు. అదే ఆగస్టులో పెట్టిన మరో గీత మెరుగైనది: కోవిడ్ రోగులకు రోజుకు 700 టన్నుల ఆక్సిజన్ అవసరమైతే మళ్లీ లాక్‌డౌన్. రాష్ట్రంలో అప్పటి ఉత్పత్తి సుమారు 1,300 టన్నులు, రెండో అలలో అవసరం దాన్ని మించిపోయింది. ఉత్పత్తిలో దాదాపు సగం దగ్గరే గీత గీస్తే, ఆంక్షలు పనిచేయడం మొదలయ్యేలోగా అవసరం రెట్టింపుకు దగ్గరైనా చివరి రోగికి సిలిండరు అందుతుంది.