ఆపదలో పిలుపు, ఆకాశంలో చెవి

2009వ సంవత్సరం సెప్టెంబరు 2వ తేదీ ఉదయం హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం నుండి ఒక హెలికాప్టరు చిత్తూరు జిల్లాకు బయలుదేరినది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో కలిపి ఐదుగురు ఉన్నారు. బయలుదేరిన గంటలోపుగానే, నల్లమల అడవుల ప్రాంతంలో, దానితో రేడియో సంబంధం తెగిపోయినది. ఆకాశమంతా దట్టమైన మేఘాలు, క్రింద కొండలు, లోయలు, చొరరాని అడవి.

వెదకులాట వెంటనే మొదలైనది. వైమానికదళం హెలికాప్టర్లు బయలుదేరినవి గాని వర్షం వాటికి అడ్డు తగిలినది. పోలీసులు, కేంద్ర రిజర్వు పోలీసు దళాలు, అటవీ సిబ్బంది, ఆ అడవిని పుట్టుకతో ఎరిగిన చెంచులు కాలినడకను గాలించారు. అదే సంవత్సరం ఏప్రిల్ 20న శ్రీహరికోట నుండి ఎగిరిన రీశాట్-2 ఉపగ్రహం మేఘాలను చొచ్చుకొనిపోగల రాడారుతో ఆ ప్రాంతాన్ని చిత్రించినది. రాత్రివేళ వేడిని గుర్తించే పరికరాలు గల సుఖోయ్ విమానాన్ని పంపారు. మరునాటి ఉదయం వైమానికదళ హెలికాప్టరు ఒకటి రుద్రకొండ సమీపాన పావురాలగుట్ట మీద శకలాలను చూచినది. ఐదుగురిలో ఒక్కరూ బ్రతికి లేరు.

హెలికాప్టరు మహావేగంతో కొండను తాకినదని తరువాతి విచారణలో తేలినది. కావున ఎంత త్వరగా వెళ్లినా ప్రాణాలు దక్కేవి కావు. అయినను ఒక ప్రశ్న మిగిలినది. ప్రమాదంలో పడిన విమానం తానున్న చోటును తానే చాటుకొనేందుకు బీకన్ అనే చిన్న రేడియో పరికరం ఉంటుంది. దాని పిలుపును వినేందుకు అంతరిక్షంలో ఉపగ్రహాలు కూడా ఉన్నవి. నల్లమల నుండి ఆ పిలుపు ఏదీ వానికి అందలేదు. రాష్ట్రం యావత్తు ఒక పగలు, ఒక రాత్రి ఊపిరి బిగబట్టి ఎదురుచూడవలసి వచ్చినది. పిలుపు అందితే ఏమి జరుగుతుంది? అందకపోవుట ఎట్లా సంభవిస్తుంది? దీనికి సమాధానం బీకన్ల చరిత్రలో దొరుకుతుంది.

వినేవాడు నిద్రపోతే

ఆపదలో రేడియో పిలుపు విలువను లోకానికి తెలిపినది 1912 ఏప్రిల్‌లో మునిగిన టైటానిక్ ఓడ. దాని రేడియో ఉద్యోగులు చివరివరకు సంకేతాలు పంపుతూనే ఉన్నారు. ఆ పిలుపు విన్న కార్పేథియా ఓడ వచ్చి ఏడువందల మందికి పైగా కాపాడినది. కాని అంతకంటె చేరువలో కాలిఫోర్నియన్ అనే మరొక ఓడ ఆగి ఉన్నది. దానిలో ఉన్న ఒకే ఒక రేడియో ఉద్యోగి అప్పటికే తన పని ముగించి నిద్రపోయినాడు. పిలుపు వెళ్లినది, వినవలసిన చెవి మూతపడి ఉన్నది. 1914లో సముద్ర ప్రయాణ భద్రతను గూర్చి దేశాలు కుదుర్చుకొన్న ఒడంబడికలో, ఓడలలో రేడియోను రేయింబవళ్లు వింటూ ఉండాలనే నియమం చేరుటకు ఇదే కారణం.

ఓడలో రేడియో ఉద్యోగి ఉంటాడు. కూలిన విమానంలో ఎవరుంటారు? 1967 మార్చిలో కాలిఫోర్నియా రాష్ట్రపు మంచు కొండలలో ఒక చిన్న విమానం కూలినది. అందులోని పదహారేండ్ల బాలిక, ఆమె తల్లి వెంటనే మరణించలేదు. ఆ బాలిక 54 రోజుల పాటు దినచర్య వ్రాసినది. వెదికినవారికి వారి జాడ తెలియలేదు. అక్టోబరులో శిథిలాలు కనబడునాటికి మిగిలినవి ఎముకలు, ఆ వ్రాతలు మాత్రమే. ఈ విషాదం అమెరికా ప్రజలను కలచివేసినది. మనుష్యుని చేయి తగలకుండా, కూలిన అదురుకే తనంత తాను పనిచేసే బీకన్ కావాలని వారు గ్రహించారు. చిన్న విమానాలలో బీకన్ ఉండాలనే చట్టం 1970లో వచ్చినది. అది అమలులోకి రాకముందే, 1972 అక్టోబరు 16న, ఇద్దరు అమెరికా పార్లమెంటు సభ్యులతో వెళ్లిన విమానం అలాస్కాలో మాయమైనది. 39 రోజులు వెదికారు. అది నేటికీ దొరకలేదు.

ఆ కాలపు బీకన్లు 121.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద కూతవేసేవి. వాటి శక్తి ఒక వాటులో పదవవంతు మాత్రమే. ఆ కూత వినబడాలంటే మరొక విమానం అదే దారిలో పైగా పోవాలి. జనసంచారం లేని చోట్ల అట్టి విమానాలు అరుదు. సాయం ఎక్కువగా కావలసిన చోటనే వినేవారు తక్కువ! ఈ చిక్కుకు పరిష్కారం భూమిని చుట్టే ఉపగ్రహం నుండి లభించినది.

సైరను చెప్పే పాఠం

హైదరాబాదుకు పడమట పుప్పాలగూడ ప్రక్కగా ఔటర్ రింగు రోడ్డు పోతున్నది. ఆ రోడ్డు దరిని నిలుచున్న విద్యార్థి కన్నులు మూసుకొని ఒక అంబులెన్సు సైరను విన్నాడనుకొందాము. బండి దగ్గరకు వస్తున్నంతసేపు సైరను శ్రుతి హెచ్చుగా వినబడుతుంది. అది తనను దాటగానే శ్రుతి తగ్గుతుంది. శ్రుతి మారిన క్షణమే బండి తనకు అత్యంత సమీపంగా ఉన్న క్షణం. ఆ మార్పు దిగ్గున జరిగితే బండి చాల దగ్గరగా పోయినదనీ, మెల్లమెల్లగా జరిగితే దూరంగా పోయినదనీ తెలుస్తుంది. కన్ను తెరువకుండా, చెవితోనే ఇంత తెలిసినది. ఆస్ట్రియా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు డాప్లర్ 1842లో వివరించిన సూత్రం ఇదే.

1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ప్రయోగశాలలో గైయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు దాని సంకేతాలను విన్నారు. పౌనఃపున్యంలో వచ్చిన మార్పును బట్టి ఆ ఉపగ్రహం ఏ కక్ష్యలో తిరుగుతున్నదో లెక్కకట్టారు. తామున్న చోటు తెలిస్తే ఉపగ్రహం చోటు తెలుస్తుంది. ఈ లెక్కను తిరగవేస్తే, ఉపగ్రహం చోటు తెలిసినప్పుడు నేల మీద పిలుస్తున్నవాని చోటు తెలియాలి. బీకన్‌ను కనుగొనే విద్యకు మూలం ఈ తిరగవేసిన లెక్కయే.

పుప్పాలగూడ ఉదాహరణలో సైరను కదులుతున్నది, వినేవాడు నిలిచి ఉన్నాడు. ఇక్కడ బీకన్ నిలిచి ఉంటుంది, వినే ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. రేడియో తరంగ వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 406 మెగాహెర్ట్జ్ అనగా సెకనుకు 40 కోట్ల 60 లక్షల కంపనాలు. ఈ అంకెలతో తరగతిలోనే లెక్క వేసి చూడవచ్చును. పౌనఃపున్యంలో మార్పు హెచ్చుకు గాని, తగ్గుకు గాని సుమారు 9 వేల కంపనాల వరకు వస్తుంది. నలభై కోట్లలో ఇది స్వల్పమే, అయినను పరికరాలు దీనిని సునాయాసంగా కొలుస్తాయి.

శత్రువులు కలిసి కట్టిన వల

1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ రష్యా దేశాలు ఈ పనికై ఒక ఒప్పందం చేసుకొన్నవి. రెండు అగ్రరాజ్యాలు ఒకదానిపై ఒకటి క్షిపణులు గురిపెట్టుకొని కూర్చున్న కాలమది. రష్యా ఉపగ్రహాలకు కాస్పాస్ అనీ, తక్కిన మూడు దేశాల వానికి సార్సాట్ అనీ పేర్లు. మొదటి కాస్పాస్ 1982 జూన్ 30న ఎగిరినది. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే కెనడా కొండలలో ఒక చిన్న విమానం కూలినది. అందులోని ముగ్గురు తప్పిపోయిన మరొక విమానాన్ని వెదుకబోయి తామే ఆపదలో పడ్డారు. వారి బీకన్ పిలుపును రష్యా ఉపగ్రహం విన్నది, కెనడా కేంద్రం అందుకొన్నది, ముగ్గురూ బ్రతికారు. అప్పటినుండి ఈ ఏర్పాటు వలన ప్రపంచంలో 50 వేల మందికి పైగా రక్షణ పొందారు.

భారతదేశం కూడా ఈ ఏర్పాటులో చేరి బెంగుళూరు, లక్నో నగరాలలో సంకేతాలు అందుకొనే కేంద్రాలను నెలకొల్పినది. బెంగుళూరులోని ఇస్రో కేంద్రం వచ్చిన పిలుపును పరిశీలించి రక్షణ దళాలకు అందజేస్తుంది. మన కేంద్రం శ్రీలంక, నేపాలు, బంగ్లాదేశ్, మాల్దీవుల వంటి ఇరుగుపొరుగు దేశాలకు కూడా చెవిగా పనిచేస్తున్నది. 1992, 1993 సంవత్సరాలలో ఎగిరిన ఇన్సాట్-2ఏ, 2బి ఉపగ్రహాలలో ఆపద పిలుపులను వినే పరికరాలు అమర్చారు. ఇన్సాట్ 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరుగుతుంది. కావున అది మన దేశాన్ని ఎడతెగక కనిపెట్టి ఉంటుంది, పిలుపును తక్షణం వింటుంది. కాని నేల దృష్ట్యా కదలనందున శ్రుతి మార్పు ఉండదు. బీకన్ తన అక్షాంశ రేఖాంశాలను తానే చెప్పకపోతే చోటు తెలియదు. దిగువ ఉపగ్రహం చోటు చెప్పగలదు గాని, అది తలపైకి వచ్చేదాకా ఆగాలి. ఈ రెండు లోపాలూ తీర్చేందుకు, సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే దిక్సూచి ఉపగ్రహాలలో కూడా ఈ పరికరాలను అమర్చుతున్నారు. అక్కడ ఒకేసారి అనేక ఉపగ్రహాలు ఒకే పిలుపును వింటాయి.

పిలుపు మారినది, పరికరం మారవలెను

పాత 121.5 పిలుపులో ఒక పెద్ద లోపం ఉన్నది. అది వట్టి కూత మాత్రమే, ఎవరు కూస్తున్నారో చెప్పదు. డబ్బులిచ్చే యంత్రాలు, రొట్టెలు కాల్చే పొయ్యిలు వెలువరించిన రేడియో రొదను కూడా ఉపగ్రహాలు ఆపద పిలుపుగా భ్రమపడిన సందర్భాలున్నవి. వచ్చిన పిలుపులలో అత్యధికం తప్పుడువి కావడంతో, నిజమైన పిలుపు వాని నడుమ మరుగున పడేది. పిలుపు నిజమైనదైనా చోటు పది, ఇరువది కిలోమీటర్ల తేడాతో తెలిసేది. అందుచేత 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే క్రొత్త బీకన్ వచ్చినది. ఇది సుమారు 50 సెకన్లకొకసారి, అర సెకను సేపు, 5 వాట్ల శక్తితో సంకేతం పంపుతుంది. ఆ సంకేతంలోనే దాని గుర్తింపు సంఖ్య ఉంటుంది. యజమాని దానిని ముందుగా నమోదు చేసి ఉంటే, ఆపదలో ఉన్నది ఏ విమానమో, ఎవరికి కబురు చేయాలో వెంటనే తెలుస్తుంది. శ్రుతి మార్పు లెక్కతో చోటు అయిదు కిలోమీటర్ల లోపుగా తేలుతుంది. అక్షాంశ రేఖాంశాలు కూడా చేర్చి పంపితే నూరు మీటర్ల లోపుగానే తెలుస్తుంది.

2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహాలు 121.5 పిలుపులను వినడం మానివేసినవి. ఆనాటినుండి పాత బీకన్ ఎంత గట్టిగా కూసినా ఆకాశంలో దానిని వినే చెవి లేదు. ఇది విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం. యంత్రం చెడిపోకుండానే నిరుపయోగం కావచ్చును. పిలిచే యంత్రం, వినే యంత్రం ఒకే భాష మాట్లాడాలి.

సముద్రపు మౌనం

భాష కలిసినా పిలుపు అందని సందర్భాలు కలవు. 2016 జులై 22న చెన్నై వద్దనున్న తాంబరం నుండి పోర్టు బ్లెయిరుకు బయలుదేరిన వైమానికదళపు ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైనది. అందులో 29 మంది ఉన్నారు, వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నావికా ఆయుధాగార ఉద్యోగులు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెదికినవి. విశాఖలో ఎనిమిది కుటుంబాలు ప్రతి కబురుకూ ఉలిక్కిపడుతూ గడిపినవి. శకలాల ఛాయాచిత్రాలు 2024 జనవరిలో వెల్లడైనవి. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున, మానవరహిత జలాంతర యంత్రం వాటిని కనుగొన్నది. ఏడున్నర సంవత్సరాలు! 406 మెగాహెర్ట్జ్ తరంగం ఉప్పునీటిలో కొన్ని అంగుళాలు కూడా సరిగా పోలేదు. బీకన్ నీటిపై తేలితేనే పిలుపు. అది విమానంతో మునిగితే మౌనమే. కొండను తాకిన వేగానికి బీకన్ నలిగినా, దాని తీగ తెగినా, మంటలలో కాలినా ఫలితం అదే.

మన తీరంలోని బెస్తలకు ఇది పరాయి విషయం కాదు. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ప్రతిదినం వేలాది పడవలు లోనికి పోతాయి. సెల్‌ఫోను సంకేతం తీరం దాటి కొద్ది దూరమే అందుతుంది. ఈ పడవల కోసం ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం 2010 నుండి వాడుకలో ఉన్నది. మీట నొక్కితే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా బెంగుళూరు చేరుతుంది, అక్కడినుండి తీరరక్షక దళానికి కబురు పోతుంది. మొదటి పరికరంలో ఒక కొరత ఉండేది. మీట నొక్కినవానికి తన పిలుపు అందినదో లేదో తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండవ తరం పరికరం ఆ కొరత తీర్చినది. పిలుపు అందినదనే జవాబు తిరిగి పడవకే వస్తుంది. అలల నడుమ ఇంజను ఆగిపోయిన పడవలో కూర్చున్నవానికి ఆ జవాబు ఎంతటి ధైర్యమో చెప్పనక్కరలేదు.

ఈ చరిత్రను ఒక్కచోట పెట్టి చూస్తే ప్రతి రక్షణకూ ముగ్గురు కావాలని తేలుతుంది: పిలిచేవాడు, వినేవాడు, వెళ్లేవాడు. టైటానిక్ నాడు వినేవాడు నిద్రపోయినాడు. కాలిఫోర్నియా కొండలలో పిలిచే సాధనమే లేదు. నల్లమలలో వెళ్లేవారు వేలమంది సిద్ధంగా ఉన్నారు గాని ఎక్కడికి వెళ్లాలో చెప్పే పిలుపు రాలేదు. విజ్ఞానశాస్త్రం ఆకాశంలో చెవిని అమర్చి పెట్టినది. ఆ చెవికి వినబడేట్లు బీకన్ బ్యాటరీని గడువు తీరకముందే మార్చుట, పేరు నమోదు చేయుట, అప్పుడప్పుడు పరీక్షించుట నేల మీది మనుష్యుల పని. ఇవి చిన్న పనులే. ఆపద వచ్చిననాడు ఒక గంట వెదకులాటకూ, ఒక పగలు ఒక రాత్రికీ, ఏడున్నర సంవత్సరాలకూ గల తేడా ఈ చిన్న పనులలోనే ఉండవచ్చును.