కుందేలు పేరెత్తని దీవి

చీకటి పడ్డాక పాము అనే మాట మా అమ్మమ్మ అననిచ్చేది కాదు. "పురుగు అనరా" అని కసిరేది. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందట. ఇలాంటి భయం మన పల్లెలకే సొంతమని చాలాకాలం అనుకున్నాను. ఇంగ్లండ్ దక్షిణ తీరాన పోర్ట్‌లండ్ అనే దీవిలో కుందేలు పేరెత్తరని నాకు ఒక బొమ్మల సినిమా వల్ల తెలిసింది.

ఆ సినిమా 2005లో వచ్చిన 'వాలెస్ అండ్ గ్రోమిట్: ది కర్స్ ఆఫ్ ది వేర్-ర్యాబిట్'. నిక్ పార్క్, స్టీవ్ బాక్స్ తీశారు. పోర్ట్‌లండ్‌లో మాత్రం ర్యాబిట్ అన్న మాట లేకుండా వేరే పోస్టర్లు వేశారు. ఆ దీవి రాతిగనులకు పేరుమోసింది. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు వాడిన రాయి అక్కడిదే. కుందేళ్ళు బొరియలు తవ్వడం వల్లే గనుల్లో రాళ్ళు కూలుతున్నాయని కార్మికులు నమ్మేవారు. కొండను తొలిచేది మనుషులు, నింద మోసేది కుందేలు!

సినిమా కథ కూడా సరిగ్గా ఇదే. (చూడనివాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు.) ఊళ్ళో కూరగాయల పోటీ దగ్గరపడింది. రాత్రిపూట ఏదో పెద్ద భూతం తోటలన్నీ మేసిపోతోంది. జున్నంటే ప్రాణంపెట్టే వాలెస్, నోరులేని అతని కుక్క గ్రోమిట్ ఇద్దరూ దాన్ని పట్టడానికి బయల్దేరతారు. తీరా చూస్తే, పున్నమి వెలుగులో ఆ రాక్షసకుందేలుగా మారుతున్నది వాలెసే. కుందేళ్ళకు కూరలమీద యావ పోగొడదామని తను చేసిన యంత్రమే వికటించింది. అది గ్రోమిట్‌కు ముందే తెలిసిపోతుంది. వేటాడాల్సింది స్నేహితుణ్ణే అని తెలిశాక ఆ కుక్క ఏం చేస్తుంది? పోటీ కోసం బిడ్డలా పెంచుకున్న కాయను ఎరగా వేసి మరీ అతన్ని కాపాడుకుంటుంది. ఇంత నవ్వించే సినిమాలో నా గొంతు పట్టేసిన చోటు అది.

ఈ భూతానికి పూర్వీకుడున్నాడు. చివర్లో అది ఒకావిడను ఎత్తుకుని భవనం పైకెక్కుతుంటే 1933 నాటి 'కింగ్ కాంగ్' గుర్తురాక మానదు. అప్పుడు విల్లిస్ ఓబ్రయన్ బృందం బొమ్మను కాస్త కదపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్ళీ కదపడం - ఇలాగే కాంగ్‌ను నడిపించింది. వేళ్ళు తగిలినచోటల్లా బొచ్చు చెదిరి, తెరమీద అలలా కదిలేది. కదిలించిన చెయ్యి అలా దొరికిపోయేది. డెబ్భై రెండేళ్ళ తర్వాత పార్క్ బృందం ఆ చేతిని దాచే ప్రయత్నమే చెయ్యలేదు. ప్లాస్టిసిన్ ముఖాలమీద వేలిముద్రలు కనబడనిచ్చారు. సెకనుకు 24 ఫ్రేములు; అలా గంటన్నర సినిమాకు ఐదేళ్ళు పట్టింది. రాక్షసి ఎక్కణ్ణుంచో ఊడిపడలేదనీ, మనుషుల చేతుల్లోంచే వచ్చిందనీ కథ చెప్తుంటే ఆ ముద్రలు దానికి సాక్ష్యంలా ఉంటాయి.

ఆ అక్టోబరులో మరొకటి జరిగింది. అమెరికాలో సినిమా వసూళ్ళలో మొదటి స్థానానికి వెళ్ళిన వారాంతం ముగియగానే, 10వ తేదీన, బ్రిస్టల్‌లో ఆర్డ్‌మన్ స్టూడియోవాళ్ళ గోదాము తగలబడింది. పాత సినిమాల సెట్లు, బొమ్మలు ఎన్నో బూడిదయ్యాయి. రెండు రోజుల ముందే కాశ్మీర్‌లో భూకంపం వేలమందిని బలి తీసుకుంది. దాని ముందు మా నష్టం పెద్దది కాదన్నాడు పార్క్. ఏళ్ళతరబడి తన వేళ్ళతో మలిచిన మనిషి ఆ మాట అనగలగడం నాకు సినిమాకంటే ఎక్కువ నచ్చింది.

ఈమధ్య ఆ సినిమా మళ్ళీ చూశాను. వాలెస్ నుదుటిమీద వేలిముద్ర వెతుకుతూ కథలో రెండు జోకులు పోగొట్టుకున్నాను. అమ్మమ్మ ఉంటే పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. నవ్వేదే, కానీ దీపాలు పెట్టాక ఆ కుందేలుకు కూడా ఇంకేదో పేరు పెట్టేది.