మా పాత కంప్యూటరు, నెమ్మది ఇంటర్నెట్టు: కొంత చరిత్ర, కొంత అనుభవం



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు ఏం రాయాలా అని ఆలోచిస్తూ సంఘం గదిలో కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద మన పాత కంప్యూటరు ఉంది. సుచిత్ర కూడలి దగ్గర మన గదికి వచ్చిన వారందరికీ అది తెలిసినదే. 2002లో కొన్న పెంటియం ఫోర్, పెద్ద గాజు తెర, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయినందువల్ల ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2002 జనవరి 1 అని చూపిస్తుంది. ఒక మీట నొక్కి బతిమాలితే గానీ ముందుకు కదలదు. మొన్న నాతో వచ్చిన మా మనవడు దాన్ని చూసి, "తాతయ్యా, దీన్ని మ్యూజియానికి ఇచ్చెయ్యండి" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ మ్యూజియానికి ఇచ్చే వస్తువుకైనా చరిత్ర తెలియాలి కదా! ఆ చరిత్రే ఈ వ్యాసం.

కంప్యూటరు మన ఊరికి అమెరికా నుంచి దిగుమతి అయిన వింత అని చాలామంది అనుకుంటారు. నిజానికి మన హైదరాబాదుకు ఈ విషయంలో గట్టి వారసత్వమే ఉంది. 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనమంతా పిలుచుకునే ఈసీఐఎల్, ఏర్పడింది. దానికి సారథ్యం వహించినవారు అయ్యగారి సాంబశివరావుగారు. ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే. ట్రాంబేలోని శాస్త్రవేత్తల కృషి ఫలితంగా 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు తయారైంది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తరువాత టీడీసీ-312, టీడీసీ-316 ఈసీఐఎల్ నుంచి వచ్చాయి. బీరువాల్లాంటి యంత్రాలు, వాటికి ఏసీ గది, లోపలికి వెళ్ళేవారు చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. గుడికి వెళ్ళినట్లే ఉండేది వ్యవహారం.

నేను 1973లో టెలిఫోన్ శాఖలో చేరాను. అప్పుడు తంతి తపాలా రెండూ ఒకటే శాఖ. 1985 జనవరి 1న టెలికమ్యూనికేషన్ల శాఖ వేరుపడింది. ఆనాడు ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. "ఓన్ యువర్ టెలిఫోన్" పథకం కింద ముందే సొమ్ము కట్టినవారికి కూడా నిరీక్షణ తప్పేది కాదు. 1984లో సీ-డాట్ స్థాపన జరిగి స్వదేశీ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక గానీ పల్లెలకు ఫోను పాకలేదు. 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ, ఏసీ గది లేకుండానే పనిచేసేది. మేము నేర్చుకున్న మొదటి కంప్యూటరు పాఠం అదే అంటాను. ఎక్స్ఛేంజీ కూడా ఒక కంప్యూటరే అని అప్పట్లో మాలో చాలామందికి తెలియదు.

ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చే రోజుల్లో ఉద్యోగాలు పోతాయేమోనని ఉద్యోగ సంఘాలు భయపడ్డాయి. బ్యాంకుల్లో 1983 నుంచి యాజమాన్యాలు, సంఘాలు కూర్చుని ఎన్ని యంత్రాలు, ఎక్కడ, ఏ పనికి అని ఒప్పందాలు రాసుకున్నాయి. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. కానీ సికిందరాబాదు స్టేషనులో రిజర్వేషను కౌంటరు ముందు తెల్లవారుజాము నుంచి నిలబడిన వారికి మాత్రం ఆ యంత్రం దేవుడిలా కనబడింది. దేశంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా ఒకే చోట టికెట్టు ఇచ్చే "కాన్సర్ట్" వ్యవస్థను రైల్వేవారు 1994లో మొదట ప్రవేశపెట్టింది మన సికిందరాబాదులోనే. దాన్ని ఫోర్‌ట్రాన్, సీ అనే భాషల్లో రాశారు. ఫోర్‌ట్రాన్ 1957 నాటి భాష. ఆ పాత పునాది మీదనే దశాబ్దాల పాటు కోట్లమందికి బెర్తులు దొరికాయి. పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక ఇంటర్నెట్టు సంగతి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో ప్రజలకు ఇంటర్నెట్టు ఇవ్వడం ప్రారంభించారు. మనకు ఆ తరువాత వచ్చింది. సాధారణ చందాదారుకు 250 గంటలకు 5,000 రూపాయలు. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఈ లెక్క పిల్లలకు అర్థం కావాలంటే ఇలా చెప్పాలి: ఒక మెగాబైటు ఉన్న ఫోటో ఆ వేగంతో రావడానికి సుమారు పద్నాలుగు నిమిషాలు పడుతుంది. తల ముందు కనబడి, మెడ దగ్గర లైను కట్ అయితే మళ్ళీ మొదటినుంచి!

నెమ్మదికి కారణం ఫోను తీగ. మనిషి గొంతు వినబడడానికి ఎంత కావాలో అంతే ఆ లైనులో దారి. కంప్యూటరు అంకెలను మోడెమ్ అనే పెట్టె శబ్దాలుగా మార్చి ఆ ఇరుకు దారిలో పంపుతుంది, అవతలి మోడెమ్ ఆ శబ్దాలను మళ్ళీ అంకెలుగా మారుస్తుంది. కలిసేటప్పుడు వినబడే ఆ కీచు, గరగర అదే. 1998లో 56 కిలోబిట్ల మోడెమ్ ప్రమాణం ఖరారైంది గానీ మన లైన్లలో అంత వేగం ఏనాడూ చూడలేదు. 172తో మొదలయ్యే నంబరుకు డయల్ చేయడం, ఎంగేజ్, మళ్ళీ డయల్. నెట్టులో ఉన్నంతసేపూ ఇంటికి ఫోను రాదు. "ఏమండీ, అమ్మాయి ఫోను చేస్తుందేమో, అది కట్టెయ్యండి" అని మా ఇంటావిడ వంటింట్లోంచి కేకవేసేది. ఆ అమ్మాయి ఈమెయిలు కోసమే నేను కూర్చున్నానని చెబితే నమ్మేది కాదు.

ఆ రోజుల్లో సుచిత్ర ఇప్పటి సుచిత్ర కాదు. నాగపూర్ రోడ్డు మీద ఒక చిన్న కూడలి. అటు కొంపల్లి, మేడ్చల్ వైపు ద్రాక్షతోటలు, ఇటు మిలిటరీ డెయిరీ ఫారం, జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఐడీపీఎల్, హెచ్ఎంటీ వంటి సంస్థల్లో చేసినవారు, మనలాంటి ప్రభుత్వోద్యోగులు చవగ్గా వచ్చే స్థలాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నారు. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైంది, పిల్లలు అమీర్‌పేటలో కోర్సులు చేసి సముద్రాలు దాటారు. వారితో మాట్లాడేందుకు తల్లిదండ్రులు బ్రౌజింగ్ సెంటర్లకు నడిచారు. ప్లైవుడ్ గదిలో కూర్చుని, కళ్ళజోడు సరిచేసుకుంటూ, ఒక్కొక్క అక్షరం వెదికి నొక్కుతూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిన ముసలివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే అది బ్రాడ్‌బ్యాండు అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఆ సేవ మొదలుపెట్టింది. నాటి పద్నాలుగు నిమిషాల ఫోటో అర నిమిషంలో వచ్చింది. అయితే అదే రాగి తీగ కాబట్టి ఎక్స్ఛేంజీకి దూరమయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది. చివరి వీధుల్లో ఉన్న మాకు వానాకాలంలో కీళ్ళ దగ్గర నీరు చేరితే లైనూ మూలిగేది, మేమూ మూలిగేవాళ్ళం. ఆ బ్రాడ్‌బ్యాండు నిర్వచనమే 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. అంటే నిన్నటి వేగం నేటి నెమ్మది. మనం మారలేదు, కొలబద్ద మారింది. మన చేతుల మీదుగా నడిచిన టెలిగ్రామ్ సేవ కూడా 2013 జూలై 14 రాత్రితో ముగిసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ పెన్షనర్లకు సంబంధించిన చిక్కు మొదలవుతుంది. మన యంత్రంలో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. అదే సంవత్సరం నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైంది. ఒక తలుపు మూసుకున్న ఏడాదే ఇంకొక తలుపు తెరుచుకుందన్నమాట. 2018 డిసెంబరులో మన శాఖ పెన్షన్లకు సంపన్న్ వ్యవస్థ వచ్చింది. సైట్లన్నీ భద్రత కోసం తాళాలు మార్చాయి, పాత కంప్యూటరు దగ్గర ఉన్నది పాత తాళంచెవి. అందుకే పేజీ తెరుచుకోదు. తాళం మార్చడం తప్పు కాదు, దొంగలూ ముదిరారు. కానీ కొత్త తాళంచెవి కొనలేని పెద్దవారు గుమ్మం ముందే నిలబడిపోతున్నారు. ఒక నవంబరులో నేను వెళ్ళిన ఒక సేవాకేంద్రంలో అరిగిపోయిన నా వేలిముద్రలు పడక, మూడుసార్లు తిరిగాను. బతికే ఉన్నానని నా వేలే ఒప్పుకోలేదు! 2021లో ముఖం చూపి ధ్రువీకరించుకునే పద్ధతి వచ్చాక ఆ బాధ కొంత తీరింది. పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి చేసే సదుపాయం 2020 నుంచి ఉంది. తెలియనివారు ఈ రెండూ గుర్తుంచుకోగలరు.

ఇంత పాతదాన్ని ఎందుకు ఉంచుకున్నామో ఇప్పుడు చెబుతాను. 2022లో కార్యవర్గంలో దీన్ని తీసేయాలని తీర్మానం దాదాపు అయిపోయింది. నేనూ చెయ్యెత్తాను. ఆ వారమే మేడ్చల్ రోడ్డు నుంచి ఒక సోదరి వచ్చారు. ఆమె భర్త 1999లో రిటైరై కొన్నేళ్ళకు కాలం చేశారు. కుటుంబ పెన్షను వస్తోంది. "అన్నయ్యగారూ, ఎనభై దాటితే పెన్షను పెరుగుతుందటగా, నాకు పెరగలేదు" అన్నారు. నిజమే, ఎనభై నిండిన నెల నుంచి మూల పెన్షనుపై 20 శాతం అదనం రావాలి. ఆమెకు అప్పటికి రెండేళ్ళు దాటింది. విచారిస్తే పెన్షను పత్రంలో ఆమె పుట్టినతేదీయే లేదు. ఆధార్‌లో ఉన్నది ఎవరో అంచనాగా వేయించిన సంవత్సరం. భర్త కుటుంబ వివరాల ఫారం ఇచ్చి ఉంటారు గానీ ఏ తేదీన, ఏ నంబరుతో?

మన కాగితాల ఫైళ్ళు లేవు. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్ సాగర్ పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగిన సంగతి మీరెరుగుదురు. ఆ రోజుల్లోనే మన గదిలోనూ మోకాలు లోతు నీరు నిలిచి బీరువా కింది అరలు నానిపోయాయి. కంప్యూటరు బల్ల మీద ఉండబట్టి బతికింది. దాంట్లో 2003లో మనవారు ఓపికగా ఎక్కించిన సభ్యుల జాబితా ఉంది. తీసి చూస్తే భార్య పేరు, పుట్టినతేదీ, ఆధారంగా చూపిన స్కూలు సర్టిఫికెట్టు, ఫారం సమర్పించిన తేదీ, నంబరు అన్నీ ఉన్నాయి. పెన్ డ్రైవులో వేసి కొత్త కంప్యూటరులో తెరిస్తే మాత్రం తెలుగంతా అర్థంలేని గుర్తులైపోయింది. యూనికోడ్ మన ఆఫీసులకు అలవాటు కాని రోజుల నాటి ఫాంటు అది, ఆ పాత యంత్రానికే తెలిసిన లిపి. చివరకు సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ప్రింటరు రిబ్బను వెదికి తెచ్చి, చర్‌చర్‌మని ఆ పుట అచ్చు తీసి అర్జీతో జతచేశాం. ఆ నంబరుతో పాత ఫారం దొరికింది. కొన్ని నెలలకు బకాయితో సహా ఆమెకు సొమ్ము అందింది. సొమ్ము వచ్చిన రోజు ఆమె గదికి వచ్చి, ఆ గాజు తెరకు కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళారు. ఆ బొట్టు మరక ఇంకా ఉంది.

అప్పుడు మాకు బుద్ధి వచ్చింది. యంత్రాన్ని పారేద్దామనుకున్నప్పుడు, దాని కడుపులో ఏముందో మేమెవరమూ చూడలేదు. తరువాత మూడు నెలలు ఇద్దరు ముగ్గురం కూర్చుని, ఒకరు పాత తెర చదువుతుంటే మరొకరు కొత్తదానిలో యూనికోడ్ తెలుగులో ఎక్కించాం. చదువుతుంటే ఎన్ని పేర్లో! పక్క సీటులో పనిచేసినవారు, సమ్మెలో భుజం కలిపినవారు. కొందరి ఇళ్ళకు ఏళ్ళుగా ఎవరమూ ఫోను చేయలేదు. చేశాం. పుట్టినతేదీ నమోదు కాని కుటుంబ పెన్షనర్లు మరికొందరు బయటపడ్డారు. వారి అర్జీలు కూడా పంపాం.

కాబట్టి నా మనవి మూడు మాటలు. ఒకటి, మీ పెన్షను పత్రంలో భార్యాభర్తలిద్దరి పుట్టినతేదీలు ఉన్నాయో లేదో ఈ సంచిక మూసిన వెంటనే చూసుకోండి. రెండు, పాత కంప్యూటరును బ్యాంకు పనులకు, పెన్షను పనులకు వాడకండి, దాన్ని నెట్టుకు కలపకండి. కానీ దాంట్లోని ఫోటోలు, లెక్కలు, ఉత్తరాలు కొత్తచోటికి చేర్చి, ఒక ప్రతి కాగితం మీద కూడా ఉంచుకోండి. మూడు, అటుపైన కూడా పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. ఆ గాజు తెరలో సీసం ఉంటుంది. అధికారికంగా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి.

మన పాత కంప్యూటరులోని వివరాలన్నీ కొత్తదానిలోకి చేరాయి. అయినా ఒకటి రెండు పేర్ల దగ్గర అనుమానం వస్తే ఇప్పటికీ దాన్నే అడుగుతాం. నిదానంగానైనా సరైన సమాధానమే చెబుతుంది. మా మనవడు ఈసారి వచ్చినప్పుడు బ్యాటరీ బిళ్ళ మారుస్తానన్నాడు.